పేరు లేని రాజమాత: ‘సెయిరేయి నో మొరిబితో’ కథయందలి రెండవ రాణి

జపాను దేశమున 1996 సంవత్సరమున ఉయెహాషి నహోకో యను విదుషి ‘సెయిరేయి నో మొరిబితో’ యను నొక నవలను వెలువరించినది. దాని ననుసరించి కమియామా కెంజి దర్శకత్వమున ప్రొడక్షన్ ఐ.జి. యను చిత్రశాలవా రిరువదియాఱు ఖండముల కథాచిత్రమును నిర్మించిరి. ఆ చిత్రము 2007 సంవత్సరమున ఏప్రిలు మొదలు సెప్టెంబరు వఱకు జపాను ప్రసారసంస్థ యగు ఎన్.హెచ్.కే. వారిచేఁ బ్రసారము చేయఁబడినది. నటులు వేషములు ధరించి యాడుటకు మాఱుగాఁ జిత్రకారులు వ్రాసిన బొమ్మలకే చలనభ్రాంతి కల్పించు నీ ప్రక్రియను జపానువారు ‘యానిమే’ యందురు. ఇందు వీరాద్భుతములు ప్రధానములు. బల్లెము పట్టిన యొక యోధురాలు రాజకుమారు నొకనిఁ గాపాడుట యీ కథకు వస్తువు. నేనిచట విచారింపఁ దలఁచినది యా యోధురాలిని గాదు, రాజకుమారునిఁ గాదు; వానిఁ గన్న తల్లిని. కథారంభమునఁ గొంతసేపు కనఁబడి, తరువాత నెడనెడఁ దోఁచి మఱుఁగగు నీమెకుఁ గవయిత్రి పేరైనఁ బెట్టలేదు. అయినను గథకంతకు మూల మామెయే.

బాలుర బొమ్మలకథకుఁ బండితపత్రికలోఁ జోటేల యని కొందఱు శంకింపవచ్చును. బొమ్మలచేతఁ గథ నడపుట మనకుఁ గ్రొత్తగాదు. తోలుబొమ్మలాటలో రామాయణభారతములు చూచి కన్నీరు పెట్టినవారు మన యూళ్లలోఁ బెక్కండ్రు. ఈ కవయిత్రియు సామాన్యురాలు గాదు. మానవజాతిశాస్త్రమును అభ్యసించి, ఆస్ట్రేలియా ఆదిమజాతులవారినడుమ మెలఁగి పరిశోధన చేసినది. 2014 సంవత్సరమున బాలసాహిత్యమునకు సర్వలోకప్రసిద్ధమగు హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ బహుమానమును బొందినది.

గ్రంథనామమును గూర్చి యొకమాట. ‘సెయిరేయి’ యనఁగా భూతము, అధిదేవత, ‘నో’ షష్ఠ్యర్థకము, ‘మోరి’ కాపు, ‘హితో’ మనుష్యుఁడు. సమాసమున హితో శబ్దము బితో యగుట చూడఁదగినది. ఈ హకారము ప్రాచీనజపానుభాషలోఁ బకారముగా నుండె నని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. అనఁగాఁ బకారమునకు బకారము వచ్చిన దన్నమాట. మన తల్లియుఁ దండ్రియు సమసించి ‘తల్లిదండ్రు’ లగునపుడు తకారమునకు దకార మాదేశ మగునట్లే యిదియు నగుచున్నది. ఇంతమాత్రముచేత రెండు భాషలకు బంధుత్వము సిద్ధింపదు. సమాసమధ్యమునఁ బరుషములు మెత్తఁబడుట పలుభాషలలోఁ గలదు. ‘భూతమునకుఁ గాపరి’ యని సమాసార్థము. కాపరి యెవఁడు? రాజకుమారుఁడు. ఆ కాపరికిఁ గాపరి బల్లెము పట్టిన బాల్సా. బాల్సాకంటె ముందుగా వానిఁ గాచినది తల్లి.

కథ సంగ్రహముగా నిది. క్రొత్త యోగో యను కల్పితసామ్రాజ్యమునకుఁ బ్రభువు మికాడో. ఆయన మొదటి రాణికిఁ గలిగిన కొడుకు సగుము, యువరాజు. రెండవ రాణి కొడుకు చగుము. ఈ చగుముని దేహమున నొక జలభూతము ప్రవేశించినది. సామ్రాజ్యస్థాపకుఁడగు తోర్గలు పూర్వమొక జలపిశాచమును సంహరించి యా భూమి నేలె నని రాజవంశప్రసిద్ధి. అట్టి వంశమున జలపిశాచము పట్టిన కుమారుఁ డున్నాఁ డనుట సింహాసనమునకే కళంకము. కావునఁ దండ్రియే కొడుకును రహస్యముగాఁ జంపింపఁ దలఁచెను. కాన్బాలు దేశమునుండి వచ్చిన బాల్సా యొకనాఁడు వంతెన దాఁటుచు, ఎద్దుబండినుండి యేటఁ బడిన చగుమును జూచి, నీట దుమికి రక్షించెను. రెండవ రాణి కృతజ్ఞతానెపమున నామెను దన మందిరమునకుఁ బిలిపించి, విందు చేసి, రాత్రివేళ నేకాంతమునఁ గుమారుని నామెచేతఁ బెట్టి, వీనిఁ గొని పొమ్మని వేఁడెను. ఆ రాత్రి రాణిమందిరము తగులఁబడెను. లోకమునకుఁ జగుము మృతుఁడయ్యెను.

దేవకీదేవి పాఠకులకు వెంటనే స్ఫురించును. అచ్చటఁ జంపువాఁడు మేనమామ, ఇచ్చటఁ దండ్రియే. ఆ మాటకుఁ బ్రహ్లాదుని కథ దగ్గఱ. భాగవతసప్తమస్కంధమున హిరణ్యకశిపుఁడు కొడుకును బాములచేతను, ఏనుఁగులచేతను, అగ్నిచేతను బాధింపించునపుడు తల్లి యగు కయాధువు మాట యొక్కటియు వినఁబడదు. ఆమె గర్భవతియై నారదు నాశ్రమమున నుండిన కథ చెప్పిన పురాణమే యీ ఘట్టమున నామెను మౌనమున విడిచినది. భర్త చంపఁబూనిన కొడుకును గూర్చి తల్లి యేమి చేయవలె నను ప్రశ్నను మన పురాణము తల్లి నడుగలేదు. ఈ జపాను కథ యడిగినది.

ఇఁక పేరు సంగతి. ఆమెను గథయందుఁ బిలుచు శబ్దము ‘నినోకిసాకి’. ‘ని’ యనఁగా రెండు, ‘నో’ షష్ఠ్యర్థకము, ‘కిసాకి’ యనఁగా రాజపత్ని. మనకు సంస్కృతమున ద్విశబ్దముపైఁ దీయప్రత్యయము వచ్చి ‘ద్వితీయ’ యగును. తెలుఁగున రెండు శబ్దముపైఁ బూరణార్థమున ‘అవ’ వచ్చి ‘రెండవ’ యగును. జపానుమాటలోఁ బూరణప్రత్యయము సయితము లేదు; సంఖ్యయు షష్ఠియు మాత్రమే. ఆమె యుండు మందిరమునకును ‘నినోమియా’ యనఁగా రెండవ మందిరమని పేరు. అనఁగా నిల్లును ఇల్లాలును ఒక్క సంఖ్యచేతనే చెప్పఁబడుచున్నారు. ఇట్టి సంజ్ఞ మనిషికి గాదు, స్థానమునకు. నేఁ డీమె గతించి ఱేపు వేఱొకతె వచ్చినను ఆ సంజ్ఞ యట్లే నిలుచును.

మన గ్రంథములలోను రాణులకు స్థానవాచకములు గలవు. శతపథబ్రాహ్మణమున నశ్వమేధప్రకరణమున మహిషి, వావాత, పరివృక్తి, పాలాగలి యని నలుగురు రాజపత్నులు చెప్పఁబడిరి. వారిలోఁ బరివృక్తి యనఁగా విడువఁబడినది. పేరే బ్రతుకును జెప్పుచున్నది. ఇతిహాసములలో దేశమును బట్టియు, పితృకులమును బట్టియుఁ బేరులు వచ్చినవి: కోసలమునుండి కౌసల్య, కేకయమునుండి కైకేయి, మద్రమునుండి మాద్రి, గాంధారమునుండి గాంధారి. తద్ధితములు చెప్పునపుడు విద్యార్థులకు మేము చూపు నుదాహరణము లివియే. ఒక్కొక్క ప్రత్యయమువెనుక నొక కన్నకూఁతురు పుట్టినింటి గుఱుతును మాత్రము మోసికొని యత్తవారింటికి వచ్చిన కథ యున్న దని చెప్పుట మఱతుము. అయినను వీరికిఁ బుట్టినిల్లైనఁ బేరులో మిగిలినది. నినోకిసాకి కదియు లేదు. దీనికి విపరీతముగ వ్యాకరణాచార్యుఁడగు పాణినిని మహాభాష్యకారుఁడు దాక్షీపుత్రుఁ డనెను. తల్లిపేరు కొడుకు పేరయ్యెను. కాని యా దాక్షి యను పేరును ఆమె వంశమునుబట్టి వచ్చినదే.

కవయిత్రి తనదేశపు సంప్రదాయమును బాగుగ నెఱిఁగియే యీ పని చేసిన దని నా యభిప్రాయము. జపానుసాహిత్యమునఁ బేరు దాఁగిన స్త్రీలు చాలమంది గలరు. పదునొకండవ శతాబ్దమునాఁటి ‘గెంజి’ కథను వ్రాసిన మురసాకి షికిబు పేరు నిజమైన పేరు గాదు. షికిబు తండ్రి యుద్యోగమును బట్టి వచ్చినది. ఆ గ్రంథమున నాయకుని తల్లి యుండిన భవనమును బట్టి కిరిత్సుబో యనియు, పదవిని బట్టి కోయి యనియుఁ జెప్పఁబడి, కొడుకు పసివాఁడై యుండఁగనే మరణించును. ‘కగెరో’ దినచర్యను వ్రాసిన మహాకవయిత్రి నేఁటికిని ‘మిచిత్సునా తల్లి’. ‘సరషినా’ దినచర్యను వ్రాసినది ‘తకసుయె కూఁతురు’. చరిత్రయందలి కెన్రేయిమోనిన్ మాట చెప్పవలెను. ఆమె తైరా కియోమోరి కూఁతురు, చక్రవర్తి యగు అంతోకు తల్లి. 1185 సంవత్సరమున దాన్నోఉరా నావికాయుద్ధమున నా బాలచక్రవర్తిని వాని యమ్మమ్మ యెత్తికొని సముద్రమున దుమికెను. తల్లియు దుమికెను గాని శత్రువు లామెను బైకి లాగిరి. ఆమె సన్న్యాసినియై యోహారాలోని జక్కోయిన్ మఠమున శేషజీవితము గడపెను. లోకమామెను బిలుచు పేరు రాజభవనపు ద్వార మొకదానినుండి వచ్చినది. నీటఁ బడిన రాజకుమారుఁడు, ఒడ్డున మిగిలిన తల్లి యను నీ చిత్రము జపానువారి మనస్సున నెనిమిది శతాబ్దములనుండి యున్నది. మొరిబితో కథయు నీటఁ బడిన రాజకుమారునితోడనే యారంభ మగుచున్నది. వానిని నీటినుండి తీసిన చేయి మాత్రము క్రొత్తది.

ఆ చేతి విలువను రాణి ధనమిచ్చి కొనఁబోయెను. ఈ కథలో నన్నింటికంటె నా మనస్సునకుఁ దాఁకిన ఘట్టమిదియే. రాణి దుఃఖమును విని బాల్సా కరఁగిపోలేదు, కోపించినది. కాదన్నచో రహస్యము విన్నందుల కిచ్చటనే తన ప్రాణము పోవును. ఔనన్నచో మికాడో పంపు వేఁటకాండ్రచేతఁ బోవును. చచ్చినదానికి ధన మేల యని యా దేశద్రిమ్మరి నిర్భయముగా రాణియెదుట ననెను. రాణికి బదులు లేదు. ఆ మాట నిజము. తనకొడుకు ప్రాణమునకుఁ బరాయిస్త్రీ ప్రాణమును వెలగా నిలుపుచున్నది. తల్లిప్రేమ యన్నంతనే సర్వము పుణ్యమగు నని తలఁచువారి కీ ఘట్టము కొఱుకఁబడదు.

ఇచ్చట లక్క యిల్లు జ్ఞప్తికి వచ్చుచున్నది. భారతాదిపర్వమునఁ గుంతియుఁ గొడుకులును బిలమార్గమునఁ దప్పించుకొన్న రాత్రి, అన్నమునకు వచ్చిన నిషాదస్త్రీ యొకతె తన యైదుగురు కొడుకులతోఁ గూడఁ గుడిచి, త్రావి, యా యింటనే నిద్రించెను. తెల్లవాఱఁగాఁ గాలిన యాఱు శవములను జూచి జనులు పాండవులు సమసి రని యేడ్చిరి. ఒక తల్లి తన యైదుగురు కొడుకులతో బ్రదుకుటకు మఱియొక తల్లి తన యైదుగురు కొడుకులతోఁ గాలినది. ఆ నిషాదికిని పేరు లేదు. వ్యాఖ్యాతలు సాధారణముగా నీ శ్లోకములను వేగముగా దాఁటుదురు. నే నింకను దాఁటలేకున్నాను. రెండవ రాణి మందిరదాహమును ఈ లక్కయింటి దాహమును బోల్చి చూచితిమేని భేదము స్పష్టము. ఎవ్వరి ప్రాణమును వెలగాఁ బెట్టుచున్నదో యామె మొగముచూచి రాణి యా మాట చెప్పెను. ఆమె తిట్టునకుఁ దల యొగ్గెను. నిద్రించువారిని నిప్పున విడువలేదు. దోషము పోయిన దనను. దోషమును దోషముగా నెదుట నిలిపి యడిగిన దందును.

బాల్సా యేల యొప్పుకొనెను? రాణి కది తెలియదు. బాల్సా తండ్రి కాన్బాలు రాజవైద్యుఁడు. రాజసోదరుఁడు బలవంతముగా నతనిచేత రాజునకు విషము పెట్టింపఁగా, రహస్యము దాఁచుటకుఁ దన్నును దన కూఁతును జంపుదు రని యెఱిఁగి, ఆఱేండ్ల బాల్సాను స్నేహితుఁడగు జిగురోచేతఁ బెట్టి పంపెను. వెంటఁబడినవా రెనమండ్రు జిగురోకుఁ బాతచెలికాండ్రే. ఆ పిల్లకొఱకు నతఁడు వారిఁ జంపవలసి వచ్చెను. అందుచే బాల్సా యెనమండ్ర ప్రాణములు కాపాడుదు నని వ్రతము పట్టినది. కావున రెండవ రాణి నోటినుండి వచ్చిన ప్రార్థన బాల్సా చెవికిఁ దన తండ్రి ప్రార్థనయే. ఆ తండ్రి పేరు కరున. మన కరుణశబ్దముతో దీనికి సంబంధ మున్న దని నే ననను. కాని విన్న తెలుఁగువాఁ డొకక్షణ మాఁగకపోఁడు.

ఇఁక రాణి దుఃఖము నేరసమునఁ జేర్పవలెను? పుత్రమరణము విభావము కాఁగాఁ గరుణ మనుట సులభము. కాని భరతుఁడు కరుణవిప్రలంభములకుఁ జెప్పిన భేదము స్మరింపవలెను. కరుణము నిరపేక్షము, ఆశ తెగినది. విప్రలంభము సాపేక్షము, ఆశ మిగిలినది. ఉత్తరరామచరితమున రాముఁడు సీత లేదనియే నమ్మి యేడ్చును. ప్రేక్షకునకు మాత్ర మామె బ్రదికి యుండుట తెలియును. మొరిబితోలో నిది తాఱుమాఱు. సభవారందఱకుఁ జగుము లేఁడు. తల్లి కొక్కతెకే యున్నాఁడు. ఆమెకు దుఃఖము సాపేక్షము, చూచువారికి నిరపేక్షము. విప్రలంభము శృంగారభేద మగుటచే నిచ్చట నా పేరు చెల్లదు. సాహిత్యదర్పణకారుఁడగు విశ్వనాథుఁడు వత్సలమును రసముగా నంగీకరించి, ఆలింగనము, శిరశ్చుంబనము, వీక్షణము, పులకము, బాష్పము మొదలగువాని ననుభావములుగను, అనిష్టశంక, హర్షము, గర్వము మొదలగువానిని సంచారులుగను జెప్పెను; వియోగభేదమును మాత్రము చెప్పలేదు. దానిని రూపగోస్వామి భక్తిరసామృతసింధువునఁ జెప్పెను. రెండవ రాణికి విశ్వనాథుఁ డెన్నిన సంచారులలో హర్షగర్వములు పోయి యనిష్టశంక యొక్కటియే మిగిలినది. అనుభావములలో బాష్ప మొక్కటియే మిగిలినది.

ఆ బాష్పమైన నామెది గాదు. సభలో నామె యేడువవలెను. ఏడువకున్న మికాడో శంకించును. లోన నిజముగ నేడ్చుచున్నది. కాని లోకమునకుఁ గనఁబడు కారణము వేఱు, లోనున్న కారణము వేఱు. ఆకారగోపనమును మన శాస్త్ర మవహిత్థ యన్నది. తండ్రిప్రక్కఁ దలవంచి లీలాకమలపు రేకులు లెక్కించు పార్వతి దాని కెల్లర యుదాహరణము: సిగ్గును వేఱొక పనిచేతఁ గప్పినది. ఇచ్చట వేఱొక పని లేదు. శోకమును శోకముచేతనే కప్పవలసి వచ్చినది. బ్రదికి యున్న కొడుకుకొఱకైన యేడుపు చచ్చిన కొడుకుకొఱకైన యేడుపుగాఁ జెల్లవలెను. పైఁగా బాల్సా యెచట నున్నదో, బాలుఁడు బ్రదికెనో లేదో యెవ్వరి నడుగుటయు నపాయమే. అడిగెనేని బ్రదికి యున్నాఁ డని చెప్పినట్లే. ఇట్టి యవహిత్థ కుదాహరణము మన లక్షణగ్రంథములలో నాకుఁ గనఁబడలేదు.

రాణి యీ పని చేయునాఁటికిఁ గుమారుని దేహమున నున్నది మంచిదో చెడ్డదో యెఱుఁగదు. కథలో సత్యము క్రమముగా బయలుపడును. అది పిశాచము గాదు; న్యుంగ రో ఇమ్ అను జలాధిదేవత గ్రుడ్డు. అది చెడినచో వానలు కురియవు, దేశమున క్షామము కలుగును. ఆ భూమి పూర్వనివాసులగు యాకూజాతివారి కథలలో నీ విషయ మున్నది. కాని రాజవంశముతోఁ గలసిమెలసిపోయి వారే తమ కథను జాలవఱకు మఱచిరి. రాజుల చరిత్రమో, తోర్గలు పిశాచసంహారి యని తిరుగవ్రాయఁబడినది. చగుమునకు గురువగు షుగా యను జ్యోతిర్విద్వాంసుఁడు రహస్యాగారమునఁ బ్రాచీనలిపిలో నున్న శిలాఫలకములను జదివి యీ మార్పును గనిపెట్టును. శాసనములు చదువువా రీ భాగమును జూచి సంతోషింతురు. కాని క్రమము గమనింపుఁడు. పండితుఁడు ఫలకములన్నియుఁ జదివి బాలుఁడు నిర్దోషి యని తేల్చుసరికిఁ గథ చాలదూరము నడచినది. తల్లి నిర్ణయమునకుఁ బ్రమాణ మక్కఱ లేకపోయెను. ఆమె జాగు చేసెనేని పండితుని పరిశోధన మృతునకు నిర్దోషిత్వము చెప్పియుండును.

కడపట గ్రుడ్డు పొదుగఁబడి, క్షామభయము తొలఁగును. ఈలోపల యువరాజు సగుము రోగమున మరణించెను గనుకఁ జగుముని మరలఁ దెచ్చి యువరాజును జేయుదురు. బాల్సాను విడుచునపుడు వాఁడు కోరినది కొంచెమే: తన్నుఁ బేరు పెట్టి పిలిచి వీడుకోలు చెప్పు మని. పేరు లేని తల్లికిఁ బుట్టిన కొడుకు, పేరును బదవి మ్రింగివేయు నింటికి మరలిపోవుచు నడిగిన మాట యిది. రెండవ రాణి చేతనిడిన బాలుఁడు బాల్సాయొద్దఁ బేరుగల మనుష్యుఁడై పెరిగెను.

రెండవ రాణికిఁ గొడుకు దక్కెను. అది దక్కుటకు మొదటి రాణి కొడుకు పోవలసి వచ్చెను. ఆమెకును కథలోఁ బేరు లేదు. ‘ఇచినోకిసాకి’, మొదటి రాణి యంతియే. ఆమె కొడుకు చావు నిజమైన చావు. ఆమె యేడుపునకు మఱుఁగేమియు నక్కఱ లేదు. ఆ యేడుపును గవయిత్రి విస్తరింపలేదు. సగుము మరణఘట్టమును మరలఁ జూచువారు రెండవ రాణిని విడిచి యీమెవైపును గొంతసేపు చూడవలెను.